గేటు మూస్తే ఆగేది కాదు: మహమ్మారి వేళ వృద్ధాశ్రమాలను కాపాడుకోవడం ఎలా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన దగ్గరి వృద్ధాశ్రమాలు చాలామటుకు చేసిన మొదటి పని గేటుకు తాళం వేయడం. కొడుకులు, కూతుళ్లు రావద్దన్నారు. పెద్దవాళ్లను బయట అడుగు పెట్టనీయలేదు. అప్పటి భయంలో అది సహజమే, తొలి రోజుల్లో అవసరం కూడా. అయితే ఆ తాళం రోజూ తెరుచుకుంటూనే ఉండేది. పొద్దున ఆయమ్మలు డ్యూటీకి వచ్చేటప్పుడు, పాలు, కూరగాయలు వచ్చినప్పుడు, రాత్రి షిఫ్టు మారేటప్పుడు తెరవక తప్పదు. వంట, స్నానాలు, మందులు ఒక్క పూట కూడా ఆగేవి కావు కదా. వైరస్‌కు ఆ దారి చాలు. చుట్టాలు వచ్చే దారి మూసేసి, పనివాళ్లు వచ్చే దారిని పట్టించుకోని చోట్ల, అది అమెరికా అయినా యూరప్ అయినా, పెద్దవాళ్ల ప్రాణాలు పోయాయి.

కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మరి ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మన ప్రాంతంలో ఆశ్రమాల అవసరం తగ్గేలా లేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు, వరంగల్, హనుమకొండ నుంచి హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లి అక్కడే స్థిరపడ్డవాళ్లు తల్లిదండ్రులను ఎవరో ఒకరి చేతిలో పెట్టాల్సి వస్తోంది. ఎవరూ లేని పెద్దమనుషులు ట్రస్టులు నడిపే ఉచిత ఆశ్రమాల్లో తలదాచుకుంటున్నారు. ఫీజు కట్టేదైనా, ఉచితమైనా ఇల్లు మాత్రం తరచుగా ఒకే తీరుగా ఉంటుంది. కిరాయికి తీసుకున్న బిల్డింగు, ఒక పెద్ద హాలు, వరుసగా మంచాలు, రెండు మూడు బాత్రూములు, ఒక వంటగది. అలాంటి ఇంట్లోకి కొవిడే రానక్కర్లేదు, గట్టి ఫ్లూ వచ్చినా అతలాకుతలమే.

వయసు మీద పడితే జబ్బు ఎందుకు ముదురుతుందో మొదట చూద్దాం. కొత్త క్రిమిని గుర్తుపట్టి ఎదుర్కొనే టి-కణాలు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథి యవ్వనం దాటినప్పటి నుంచే కుంచించుకుపోతుంది. డెబ్బై ఏళ్లకు శరీరం పాత శత్రువులను గుర్తుంచుకుంటుంది గానీ కొత్తవాటితో కొట్లాడే బలం తగ్గిపోతుంది. దానికి తోడు షుగరు, బీపీ, కిడ్నీ సమస్యలు. దగ్గి కఫాన్ని బయటికి నెట్టే శక్తి కూడా తక్కువే. మన దేశంలో 2020 జులై నాటి కొవిడ్ మరణాల్లో సగానికి పైగా 60 ఏళ్లు దాటినవాళ్లవే. జనాభాలో వాళ్లు పదో వంతు మాత్రమే. ఇలాంటి పాతిక, ముప్పై మంది ఒకే గాలి పీల్చుకుంటూ, ఒకే బాత్రూం వాడుతూ, అవే రెండు చేతుల మీద ఆధారపడి ఉండటమే ఆశ్రమానికున్న అసలు ప్రమాదం.

ఆ రెండు చేతుల గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, కింగ్ కౌంటీలోని నర్సింగ్ హోముల్లో 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొవిడ్ పాకినప్పుడు అక్కడి వైద్యాధికారులు వెతికి తేల్చిన విషయాలు రెండున్నాయి. సిబ్బంది ఒంట్లో బాగా లేకపోయినా డ్యూటీకి రావడం, ఒకే మనిషి రెండు మూడు చోట్ల పనిచేయడం వల్ల జబ్బు ఒక హోము నుంచి ఇంకో హోముకు చేరిందన్నది మొదటిది. రెండోది మరింత భయపెట్టేది. ఒక హోములో లక్షణాలున్నా లేకున్నా అక్కడి పెద్దవాళ్లకు పరీక్ష చేస్తే 76 మందిలో 48 మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో 27 మందికి పరీక్ష చేసిన రోజున ఏ లక్షణమూ లేదు. అందులో 24 మందికి తర్వాతి రోజుల్లో లక్షణాలు బయటపడ్డాయి. అంటే దగ్గినవాళ్లను పక్కకు పెట్టి మిగతావాళ్లు క్షేమమని అనుకునేలోపే అది సగం హాలును చుట్టేసింది.

ఇప్పుడు మన దగ్గరి ఆయమ్మ రోజు ఎలా ఉంటుందో చూడండి. మడికొండ నుంచో ధర్మసాగర్ నుంచో షేర్ ఆటోలో, ఆరేడుగురి మధ్య ఇరుక్కుని వస్తుంది. వచ్చీ రాగానే మంచం మీద నుంచి లేవలేని అవ్వకు డైపర్ మారుస్తుంది. ఒంటికి ఆనించుకుని లేపి కూర్చోబెట్టి మొహం తుడుస్తుంది. కట్టుడు పళ్లు కడిగి పెడుతుంది. గొంతులో పడకుండా స్పూనుతో ఇడ్లీ తినిపిస్తుంది, అది ఒక్కొక్కరికి పావుగంట పని. పక్క మంచం దగ్గరికి పోయి మళ్లీ అదే చేస్తుంది. ఇక్కడ ఆరు అడుగుల దూరం అనే మాటకు అర్థమే లేదు. సాయంత్రం ఇంకో ఇంట్లో వంటకో, మరో ఆశ్రమంలో నైట్ డ్యూటీకో పోతుంది. జీతం చాలదు మరి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు చేరినట్టు, ఒకచోట పుట్టిన జబ్బు ఆమెకు తెలియకుండానే ఆమె వెంట ఇంకోచోటికి పోతుంది. ఇందులో ఆమె తప్పేం లేదు. జ్వరమొచ్చిందని చెబితే ఆ రోజు కూలి పోతుంది, మర్నాడు ఆ డ్యూటీ ఇంకొకరికి పోవచ్చు. ఎవరైనా ఏం చేస్తారు? ఒక డోలో గోలీ వేసుకుని వచ్చేస్తారు. గేటు దగ్గర థర్మామీటర్ పెట్టినా అందులో ఏమీ పడదు.

కాబట్టి ఆశ్రమాన్ని కాపాడే మొదటి మందు జీతంతో కూడిన సెలవు. ఒక లెక్క వేద్దాం. రోజుకు 400 రూపాయల చొప్పున ఏడు రోజులు ఇంట్లో ఉండమంటే 2,800 రూపాయలు. ప్రైవేటు దవాఖానల్లో కొవిడ్ చికిత్సకు తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో ఖరారు చేసిన ధరల ప్రకారం మామూలు ఐసొలేషన్ వార్డుకే రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ పెడితే 9,000. ఒక ఆయమ్మ వారం రోజుల జీతం ఒక పెద్దమనిషి ఒక రోజు వార్డు బిల్లు కంటే తక్కువ. ఇంత తేలికైన లెక్క ఉన్నా, ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోత పడేది ఆయమ్మల సెలవుల మీదే. నాకు దీని మీదే ఎక్కువ బాధ.

జబ్బు ఊళ్లో ఉన్నన్ని రోజులు ఆయమ్మలు ఒక్క ఆశ్రమంలోనే పనిచేసేలా చూడాలి. పోగొట్టుకునే రెండో సంపాదనలో కొంతైనా కట్టివ్వాలి. ఇద్దరు ముగ్గురు ఆయమ్మలు రెండు వారాలు లోపలే ఉండి, తర్వాత ఇంకో బ్యాచ్‌కు అప్పగించే పద్ధతి కూడా ఉంది. కానీ చిన్న పిల్లలున్న ఆడవాళ్లను అలా కట్టిపడేయడం సరికాదు. ఇష్టపడి ఉంటామన్నవాళ్లకే, సరైన పడకా అదనపు డబ్బూ ఇచ్చి చేయాలి. లోపల కూడా ఏ ఆయమ్మ ఏ మంచాలు చూస్తుందో పక్కాగా పంచేస్తే, ఒకరికి జబ్బు వచ్చినా ఆ ఆరేడు మంచాల దగ్గరే పట్టుకోవచ్చు.

ఇక లక్షణాల సంగతి. ముసలివాళ్లలో జ్వరం, దగ్గు కోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే. వాళ్ల ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువ. అందుకే ఆశ్రమాల్లో ఒక్కసారి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, పదే పదే 99 దాటుతున్నా, ఆ మనిషికి మామూలుగా ఉండే వేడి కన్నా రెండు డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్కపెట్టాలని వైద్యులు చెబుతారు. ఒక్కోసారి అదీ ఉండదు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన తాత ఇవాళ మనవడి పేరు తప్పు చెబుతాడు. రోజూ చాయ్ అడిగే అవ్వ ఇవాళ వద్దంటుంది. పడని మనిషి బాత్రూంలో పడిపోతుంది. అన్నం పళ్లెం సగంలోనే వదిలేస్తారు. వయసు మీద పడింది కదా అని వీటిని తోసేయడం మన అలవాటు. మహమ్మారి కాలంలో ఇవే మొదటి హెచ్చరికలు కావచ్చు. వీటిని డాక్టర్ కంటే ముందు పట్టుకోగలిగేది రోజూ తినిపించే ఆయమ్మే. ఆమె "ఈ పెద్దాయన ఇవాళ ఏదో తేడాగా ఉన్నడు సార్" అంటే మేనేజర్ దాన్ని రిపోర్టుగానే తీసుకోవాలి. ఒక నోట్‌బుక్‌లో మంచానికో గీత గీసి, తిన్నది, పడుకున్నది, మాట తీరు, పల్స్ ఆక్సీమీటర్ అంకె రెండు పూటలా రాస్తే చాలు. అంకె 94 కంటే తగ్గితే మనిషి నవ్వుతూ కూర్చున్నా సరే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. కొవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం చాలామందిలో చూశాం. చేతులు చల్లబడ్డా, గోళ్లకు రంగున్నా మిషన్ తప్పు చూపిస్తుంది. నల్లని చర్మం మీద ఉన్నదాని కంటే కాస్త ఎక్కువ కూడా చూపించవచ్చు. అందుకే ఒక అంకెను చూసి ధీమాగా ఉండకుండా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడాలి.

గాలి విషయం మనవాళ్లు తక్కువ పట్టించుకున్నారు. ఫినాయిల్‌తో తుడవడం, సంచులకు శానిటైజర్ కొట్టడం మీద పెట్టిన శ్రద్ధ కిటికీల మీద పెట్టలేదు. కొవిడ్, ఫ్లూ లాంటి జబ్బులు ముఖ్యంగా వ్యాపించేది ఊపిరితోనే. రెండో వేవ్ మన దగ్గర 2021 ఏప్రిల్, మే నెలల్లో, అంటే వడగాలులు కొట్టే రోజుల్లో వచ్చింది. పగలు ఎండకు తలుపులు మూస్తారు, రాత్రి దోమలకు కిటికీలు మూస్తారు, పైన ఫ్యాన్ తిరుగుతుంది. ఫ్యాన్ కొత్త గాలి తేదు, ఉన్న గాలినే హాలంతా తిప్పుతుంది. ఏసీ కూడా అంతే. ఆ లెక్కన మన మామూలు ఎయిర్ కూలరే మేలు, అయితే దాన్ని కిటికీకి బయటివైపు పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. గది మధ్యలో పెడితే తేమ తప్ప లాభం లేదు. కిటికీలకు దోమల జాలీ కొట్టించడం కూడా మహమ్మారి ఏర్పాటే, ఎందుకంటే రాత్రంతా తెరిచి పెట్టుకోవచ్చు. జబ్బు పడ్డవాళ్ల గదిలో గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, తలుపు కొద్దిగా తెరిచి, సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకుని చూడండి. పొగ వరండా వైపు నుంచి గదిలోకి పోవాలి. గదిలోంచి వరండాలోకి వస్తోందంటే ఆ ఏర్పాటు తిరగబడిందన్నమాట, ఫ్యాన్ మార్చాలి లేదా గదే మార్చాలి.

ఒక్క కేసు బయటపడితే వెంటనే చేయాల్సింది అందరికీ పరీక్ష, పనివాళ్లతో సహా. యాంటిజెన్ కిట్లు 2021 మే నుంచి ఇంట్లో వాడుకునేందుకు కూడా అనుమతి పొందాయి. లక్షణాలున్నా అందులో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించాల్సిందే. అదనపు గది లేని ఇంట్లో హాలు ఒక చివర, కిటికీ దగ్గర పరదా కట్టి, ఒక బాత్రూం వేరుగా ఇచ్చి, ఇద్దరు ఆయమ్మలను వాళ్లకే కేటాయించడం చేయగలిగినంతలో మంచి పద్ధతి. వాళ్లిద్దరికీ బట్ట మాస్కు చాలదు, ఎన్95 ఇవ్వాలి.

దవాఖానకు పంపాల్సి వస్తే? ఆదిలాబాద్ వైపు నుంచీ ఖమ్మం వైపు నుంచీ జనం వచ్చే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు దవాఖానలో, రద్దీ రోజున, అటెండెంట్ లేకుండా వెళ్లే పెద్దమనిషి తన గురించి తాను చెప్పుకోలేడు. అందుకే ప్రతి ఒక్కరికీ ముందే ఒక కాగితం సిద్ధంగా ఉండాలి. జబ్బులు, వాడే గోలీలు, పడని మందు, కొడుకుదో కూతురిదో ఫోన్ నంబర్, చెవి మిషన్ ఉందా, కట్టుడు పళ్లున్నాయా, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు అన్నవి అందులో ఉండాలి. చెవి సరిగా వినబడని మనిషికి మాస్కు వేసుకున్న నర్సు మాట అసలు అర్థం కాదు, పెదవులు కనబడవు కదా. దాంతో సోయి లేదనుకునే ప్రమాదం ఉంది. వెంటిలేటర్ దాకా పోవాలా వద్దా అన్న మాట కూడా ఆ మనిషి బాగున్నప్పుడే, పిల్లల ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. అడగడానికి నోరు రాదు, నిజమే. కానీ అర్ధరాత్రి ఫోన్‌లో అమెరికాలో ఉన్న కొడుకును అడిగేకంటే అది నయం.

తిరిగి వచ్చేవాళ్ల విషయంలో ఇంగ్లండ్ చేసిన పని గుర్తుంచుకోవాలి. 2020లో అక్కడ ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ చేయడానికి పెద్దవాళ్లను పరీక్ష లేకుండానే కేర్ హోములకు పంపించారు. లక్షణాలు లేనివాళ్ల నుంచి ఉండే ముప్పును పట్టించుకోని ఆ విధానం చట్టవిరుద్ధమని అక్కడి హైకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. డిశ్చార్జ్ అయి వచ్చినవారిని నేరుగా పాత మంచం మీద పడుకోబెట్టకుండా కొన్నాళ్లు వేరుగా ఉంచి చూడాలి.

టీకా గురించి హాంకాంగ్ అనుభవం చెప్పేది చాలా ఉంది. 2003లో సార్స్ దెబ్బ తిన్న ఊరు అది. అప్పటి నుంచి వృద్ధ గృహాల్లో జబ్బులు పాకకుండా చూసే బాధ్యత ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించారు. మాస్కులు నిల్వ పెట్టారు. దాంతో 2020లో అక్కడి గృహాలు బాగానే తట్టుకున్నాయి. కానీ 80 దాటినవాళ్లలో చాలామంది, ఇంత వయసులో ఎందుకులే, ఏమైనా అవుతుందేమో అని టీకా వేయించుకోలేదు. 2022 మొదట్లో ఒమిక్రాన్ వచ్చేసరికి వృద్ధ గృహాల్లోనే పెద్ద సంఖ్యలో చనిపోయారు. మన దగ్గర 60 దాటినవాళ్లకు టీకాలు 2021 మార్చి 1న మొదలయ్యాయి. అయితే ఆశ్రమాల్లో ఆధార్ లేనివాళ్లు, నడవలేనివాళ్లు ఉంటారు. గుర్తింపు కార్డు లేని వృద్ధాశ్రమ నివాసులకు కూడా వేయాలని కేంద్రం అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో నిబంధన తెచ్చింది. మే నెలాఖరులో ఇంటికి దగ్గరలో టీకా కేంద్రాలు పెట్టవచ్చంది. అంటే టీకాలు మొదలయ్యాక రెండు మూడు నెలలకు. సరిగ్గా ఆ నెలల్లోనే రెండో వేవ్ విరుచుకుపడింది. ఈసారి అలాంటిది వస్తే జాబితా ముందే ఉండాలి. ఏ ఆశ్రమంలో ఎందరు, ఎవరికి కార్డు లేదు అన్నది ఆ వార్డు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గర ఇప్పుడే రాసి ఉంచుకోవచ్చు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టర్ చెప్పిన ప్రకారం వేయించడానికి మహమ్మారి రానవసరం లేదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న చుట్టాలది. తాళం వేసి నెలల తరబడి ఎవరినీ రానివ్వకపోతే ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేసి చూసిన ఒక ప్రయోగంలో కాళ్ల నుంచే దాదాపు కిలో కండ కరిగిపోయింది. గదిలోంచి రావద్దన్న మనిషి లేవడం మానేస్తాడు, తర్వాత లేవలేడు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు ఇంకా త్వరగా దెబ్బతింటారు. వాళ్లకు మాస్కు ఎందుకో, తలుపు ఎందుకు మూశారో గుర్తుండదు. గుర్తుండేది ఆదివారం వచ్చే కూతురు రావడం లేదన్న బాధ ఒక్కటే. అన్నం ముట్టరు. వైరస్ సోకకుండానే మనిషి కరిగిపోతాడు, ఆ నష్టం ఏ బులెటిన్‌లోనూ కనబడదు.

నెదర్లాండ్స్‌లో 2020 మే నెలలో కొవిడ్ లేని 26 నర్సింగ్ హోముల్లో ప్రయోగంగా, జాగ్రత్తలతో సందర్శకులను రానిచ్చారు. ఆ వారాల్లో వాళ్ల వల్ల కొత్త కేసులు రాలేదు. సంతోషం తిరిగొచ్చిందని సిబ్బందే చెప్పారు. నా అభిప్రాయంలో ప్రతి పెద్దమనిషికీ కుటుంబం నుంచి ఒకరిని, కుటుంబం లేకపోతే ఒక స్నేహితుడినో తోటి ఊరివారినో ముందే పేరు రాసి పెట్టుకోవాలి. ఆ ఒక్కరిని ఆయమ్మతో సమానంగా చూడాలి. అదే మాస్కు, అదే పరీక్ష, అదే లోపలికి రాగల హక్కు. మిగతావాళ్లు వరండాలోనో వేపచెట్టు కిందనో కుర్చీలు దూరంగా వేసుకుని కలవవచ్చు. మన ప్రాంతంలో కాలం కూడా చూసుకోవాలి. మేడారం జాతరకు రెండేళ్లకోసారి ఆయమ్మలూ పోతారు, పిల్లలూ పోతారు, తిరిగొచ్చి అవ్వకు బంగారం (బెల్లం) ప్రసాదం పెట్టాలనుకుంటారు. 2022 ఫిబ్రవరి జాతర ఒమిక్రాన్ వేవ్ తగ్గీ తగ్గక ముందే వచ్చింది. జాతరకు పోవద్దనే హక్కు ఎవరికీ లేదు. వచ్చాక నాలుగైదు రోజులు జీతంతో ఆగమని, పరీక్ష చేయించుకుని రమ్మని చెప్పవచ్చు. బతుకమ్మ, సంక్రాంతి అప్పుడూ ఇదే పద్ధతి.

ఇవన్నీ ఎవరి బాధ్యత అంటే చట్టం కొంత చెబుతుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా జిల్లాకొక ఆశ్రమం ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని 19వ సెక్షన్, సర్కారు దవాఖానల్లో పెద్దలకు పడకలు, వేరే లైను ఉండాలని 20వ సెక్షన్ అంటాయి. జబ్బు కాలంలో ఆయమ్మ సెలవు గురించి అందులో ఒక్క మాట లేదు. తనిఖీకి వచ్చే అధికారులు వంటగది, మంచాలు, రిజిస్టర్ చూస్తారు. డ్యూటీ చార్టు, సెలవు జీతం చెల్లించిన రసీదు కూడా అడగడం మొదలుపెడితే సగం పని అవుతుంది. ఆశ్రమంలో పెద్దవాళ్లను సరిగా చూడడం లేదని అనిపిస్తే 14567 ఎల్డర్ లైన్‌కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

ఫీజు కట్టే పిల్లలు కూడా ఫోన్‌లో "అమ్మ తిన్నదా, పడుకున్నదా" అని అడగడంతో పాటు ఆయమ్మ ఇంకెక్కడ పనిచేస్తోంది, ఆమెకు జ్వరమొస్తే సెలవు ఇస్తారా, రాత్రి కిటికీలు తెరిచి ఉంటున్నాయా అని అడగాలి. పాతిక మంది ఉన్న ఆశ్రమంలో ఒక్కో కుటుంబం నెలకు 200 ఎక్కువ ఇస్తే 5,000 రూపాయలు జమవుతాయి. అందులో ఒక ఆయమ్మ వారం సెలవు జీతం పోగా మిగిలిన దాంతో మాస్కులు, పరీక్ష కిట్లు కొనిపెట్టుకోవచ్చు. ఏ జబ్బూ రాని నెలల్లో ఆ డబ్బు పక్కన దాస్తే, వచ్చిన నెలలో ఎవరి ముందూ చేయి చాచాల్సిన పని ఉండదు.